అప్సరల ముందు బఫే ప్లేటు

మాది లింగంపేట. కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే మధ్యలో వస్తుంది. హాస్టల్లో ఊరి పేరు చెప్తే సగం మందికి తెలీదు. ఫోన్లో నాగన్న బావి ఫోటో చూపిస్తే మాత్రం "ఓ, ఈ మెట్ల బావి మీ ఊర్లోదేనా!" అంటారు. అంతవరకే మా ఊరి ఫేమ్.

మొన్న సెమ్ సెలవుల్లో అమ్మ, అక్క, బావ, నేను నలుగురం కంబోడియా వెళ్లొచ్చాం. అమ్మను ఒక్కసారైనా విమానం ఎక్కించాలని అక్క జాబులో చేరినప్పటి నుంచి అనుకుంటోంది. ఆంగ్‌కోర్ వాట్ పెద్ద గుడి అని చెప్తే అమ్మ ఒప్పుకుంది. గుడి గురించి యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి కాబట్టి నేను దాని గురించి రాయట్లేదు. అక్కడికి పోయిన ప్రతి టూరిస్టూ ఒక సాయంత్రం చేసే పని గురించి రాస్తున్నా. అదే భోజనంతో కలిపి ఖ్మేర్ నాట్యం చూడటం. అందులో ఏముంటుంది, దాని వెనక ఏముంది, మనం ఎలా చూడాలి అన్నది నాకు అర్థమైనంత చెప్తాను. నాది ఇంగ్లిష్ మీడియం తెలుగు, తప్పులుంటే ఎడిటర్ అన్న దిద్దుతాడు.

టికెట్ కొంటే ఏం వస్తుంది

ఆంగ్‌కోర్ గుళ్ల పక్కన ఉన్న టౌన్ పేరు సియెమ్ రీప్. పొద్దున్నే లేచి గుళ్లు తిరిగి, మధ్యాహ్నం ఎండకు రూములో పడుకుని, సాయంత్రం ఏం చేయాలో తెలీని టూరిస్టులు అక్కడ వేలల్లో ఉంటారు. డిన్నర్ షో వాళ్ల కోసం పుట్టిందే. పెద్ద హాలు, ముందు స్టేజీ, వెనక బఫే. ఆరు గంటలకు భోజనం మొదలు, ఏడున్నరకు నాట్యం, ఎనిమిదిన్నరకు అయిపోతుంది. చాలా చోట్ల పద్ధతి ఇదే. మేం పోయిన చోట తలకు 15 డాలర్లు తీసుకున్నారు. వాళ్ల కరెన్సీ రియెల్ అయినా డాలర్లు అన్ని చోట్లా చెల్లుతాయి.

భోజనంలో ముఖ్యమైనది అమోక్. చేప ముక్కల్ని కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, పసుపు కలిపి నూరిన ముద్దతో అరిటాకు దొన్నెలో ఆవిరి మీద ఉడికిస్తారు. చూడటానికి మన ఇడ్లీలా మెత్తగా ఉంటుంది. లోక్ లాక్ అని మాంసం వేపుడు ఉంటుంది, దాన్ని మిరియాల పొడి కలిపిన నిమ్మరసంలో ముంచుకుని తినాలి. నోమ్ బాన్ చోక్ అంటే బియ్యపు సేమ్యా మీద పలచటి చేప పులుసు. స్వీటుగా గుమ్మడికాయ లోపల కొబ్బరిపాలు, గుడ్డు పోసి ఉడికించి ముక్కలు కోసి పెడతారు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేప సాస్ పడుతుంది. "వెజ్" అని అడిగితే సరిపోదు, "చేప సాస్ వద్దు" అని విడిగా చెప్పాలి. ఆ రోజు గురువారం, అమ్మ నీసు ముట్టదు. చివరికి తెల్లన్నం, పండ్లు, బ్యాగులోంచి తీసిన మామిడికాయ తొక్కుతో కానిచ్చింది. గురువారం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

స్టేజీ మీద జరిగేది

గంట షోలో ఐదారు ఐటెమ్స్ ఉంటాయి. మొదట ఆశీర్వాద నాట్యం. అమ్మాయిలు వెండి గిన్నెల్లోంచి పూలు తీసి ప్రేక్షకుల మీదికి చల్లుతారు. తర్వాత పల్లెటూరి డాన్సులు. కొబ్బరి చిప్పలు టకటకా కొట్టుకుంటూ ఆడేది ఒకటి, చేపలు పట్టే బుట్టలతో అబ్బాయిలు అమ్మాయిల్ని ఆటపట్టించేది ఇంకొకటి. ఇవి చూడగానే అర్థమవుతాయి, అందరూ చప్పట్లు కొడతారు.

ఆ తర్వాత కథలు వస్తాయి. అక్కడ కూడా రామాయణం ఉంది, పేరు రీమ్‌కేర్. రాముడు ప్రియా రీమ్, సీత నేంగ్ సెడా. మేం చూసిన భాగం మాత్రం మనకు తెలిసిన రామాయణంలో లేదు. హనుమంతుడు లంకకు వారధి కడుతుంటే రాళ్లు మాయమవుతుంటాయి. ఎవరు తీస్తున్నారా అని నీళ్లలోకి దూకితే సువన్న మచ్ఛా అనే మత్స్యకన్య కనిపిస్తుంది. పేరు విడదీస్తే సువర్ణ మత్స్యమే. ఆమె రావణుడి కూతురు. హనుమంతుడు ఆమెతో పోట్లాడబోయి ప్రేమలో పడతాడు! మా అమ్మ మొహం చూడాలి. "హనుమంతుడేంది, ప్రేమేంది" అని ఐదు నిమిషాలు కోలుకోలేదు.

ఇంకో కథ మేఖలది. ఆమె సముద్ర దేవత, చేతిలో స్ఫటికం బంతి. రీమ్ ఎయిసో అనే రాక్షసుడు దానికోసం గొడ్డలి పట్టుకుని వెంటపడతాడు. ఆమె బంతి తిప్పితే మెరుపు, వాడు గొడ్డలి విసిరితే ఉరుము, ఆపైన వాన. ఈ నాట్యాన్ని ఒకప్పుడు వానల కోసం రాజు పూజగా చేయించేవాళ్లు. మన పల్లెల్లో వానలు పడకపోతే విరాటపర్వం చదివించినట్టే.

సంగీతం స్టేజీ పక్కనే లైవ్. దాని పేరు పిన్‌పీట్. పడవ ఆకారంలో వెదురు పలకలు పేర్చిన వాయిద్యం, చుట్టూ గుండ్రంగా అమర్చిన కంచు గంటలు, సన్నాయి లాంటి స్రలై, మద్దెల లాంటి సంఫో, చిన్న తాళాలు. కళ్లు మూసుకుంటే సన్నాయి, మద్దెల, తాళం మనవే అనిపిస్తాయి.

చివర్లో అప్సర నాట్యం. బంగారు రంగు కిరీటం, తెల్లటి బట్టల్లో ఒక అమ్మాయి మధ్యలో, చుట్టూ మిగతావాళ్లు. చాలా నెమ్మది. మొదటి రెండు నిమిషాలు "ఇంతేనా?" అనిపిస్తుంది. ఎందుకంటే మనకు కూచిపూడి, తీన్మార్ రెండిట్లోనూ కాళ్లే ముందు కనిపిస్తాయి. ఇక్కడ చూడాల్సింది వేళ్లు.

వేళ్లు చెప్పేది

ఖ్మేర్ నాట్యంలో చేతి ముద్రల్ని క్బాచ్ అంటారు. కొన్ని ముఖ్యమైన ముద్రల్ని ఒక చెట్టు జీవితంలా వివరిస్తారు. చూపుడు వేలు పైకి లేస్తే మొలక, నాలుగు వేళ్లు వెనక్కి విచ్చుకుంటే ఆకు, తర్వాత పువ్వు, తర్వాత పండు, పండు రాలి మళ్లీ మొలక. ఇది తెలిశాక ఆ నెమ్మదితనం బోర్ కొట్టదు, ఒక చేతిలో ఆకు ఇంకో చేతిలో పువ్వుగా ఎలా మారుతోందో చూస్తూ ఉండిపోతాం.

వేళ్లు అలా వెనక్కి వంగడం మామూలుగా అయ్యే పని కాదు. ఎముకలు లేతగా ఉన్నప్పుడే, చిన్నతనం నుంచీ రోజూ వేళ్లు వెనక్కి వంచి సాధన చేయిస్తారు. క్లాసికల్ ఐటెమ్స్ బట్టల్ని షోకి ముందు ఒంటి మీదే సూదీ దారంతో కుడతారు, అయిపోయాక దారం తెంపి విప్పుతారు. అంటే షోకి చాలా ముందే తయారై కూర్చోవాలి.

గురువును మొక్కే పూజను వాళ్లు సంపియా క్రూ అంటారు. క్రూ అంటే గురువే. ఆ పూజ గురువారమే చేస్తారు. గురువారానికి వాళ్ల పేరు కూడా బృహస్పతి పేరు నుంచే వచ్చింది. ఇది చెప్పగానే అమ్మకు ఆ దేశం ఒక్కసారిగా దగ్గరైపోయింది.

రాతిలో ఒక బ్యాకప్, మనుషుల్లో ఒక బ్యాకప్

ఆంగ్‌కోర్ వాట్ 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించింది. దాని గోడల మీద వందల కొద్దీ దేవకన్యల బొమ్మలున్నాయి. దగ్గర్లోనే ఉన్న తా ప్రోమ్ గుడిలో 1186 నాటి శాసనం ఉంది. ఆ గుడి కొలువులో 615 మంది నర్తకులు ఉండేవాళ్లని అందులో రాశారు. మన రామప్ప గుడి కట్టింది 1213లో. అంటే తా ప్రోమ్‌లో 615 మంది ఆడుతున్న కాలంలోనే ఇక్కడ కాకతీయుల శిల్పులు నాట్యకత్తెల్ని చెక్కే పనికి దగ్గర్లో ఉన్నారన్నమాట.

ఆంగ్‌కోర్ పడిపోయాక నాట్యం రాజుల అంతఃపురంలో మిగిలింది. 1906లో సిసోవాత్ రాజు తన నర్తకుల్ని ఫ్రాన్స్ తీసుకెళ్తే, రోడిన్ అనే గొప్ప శిల్పి వాళ్లను చూసి పిచ్చెక్కినట్టు బొమ్మలు గీసుకున్నాడు. ఆ కాలంలో దాదాపు అన్ని వేషాలూ ఆడవాళ్లే కట్టేవాళ్లు. మన కూచిపూడిలో సత్యభామ వేషం కూడా మగవాళ్లు కట్టినదానికి సరిగ్గా ఉల్టా. తర్వాత కొసమక్ రాణి కోతుల వేషాలకు మగవాళ్లను తెచ్చింది. మనం ఇప్పుడు చూసే అప్సర నాట్యం కూడా ఆంగ్‌కోర్ గోడల మీది బొమ్మల్ని చూసి ఆమె చేయించిందే, 1950, 60ల ప్రాంతంలో. మనవరాలు బుప్పా దేవి యువరాణే ముఖ్య అప్సరగా ఆడింది. నేను వెయ్యేళ్ల నాటిది చూస్తున్నా అనుకున్నాను. నిజానికి స్టేజీ మీది ఆ నాట్యం వయసు మా నాయినమ్మ వయసంతే!

మన దగ్గర పేరిణి కథా ఇలాంటిదే. ఆగిపోయిన నాట్యాన్ని నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని రాసిన నృత్త రత్నావళినీ, రామప్ప శిల్పాల్నీ పట్టుకుని మళ్లీ నిలబెట్టారు. రెండు చోట్లా రాయే బ్యాకప్. కానీ రాతిలో ఉన్నది స్క్రీన్‌షాట్ మాత్రమే. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు ఎలా వెళ్లాలో రాయి చెప్పదు. ఆ వీడియో మనుషుల ఒళ్లల్లోనే ఉంటుంది.

కంబోడియాలో ఆ మనుషుల్నే చంపేశారు. 1975 నుంచి 1979 జనవరి దాకా, నాలుగేళ్లు కూడా నిండని ఖ్మేర్ రూజ్ పాలనలో సుమారు 15 నుంచి 20 లక్షల మంది ఆకలికి, రోగాలకు, హత్యలకు పోయారు. రాజుల కాలం నాటి కళలు తెలిసినవాళ్లంటే వాళ్లకు శత్రువులే. నాట్య గురువుల్లో, సంగీతకారుల్లో చాలామంది మిగల్లేదు. బతికినవాళ్లు తమకు నాట్యం వచ్చని చెప్పకుండా పొలాల్లో కూలి చేసి బతికారు.

అలా మిగిలినవాళ్లలో చియా సామీ అనే ఆమె ఉంది. చిన్నప్పుడే అంతఃపురంలో నాట్యం నేర్చుకుంది. ఆమె భర్త స్వయానా పోల్ పాట్ అన్న. ఈ మారణహోమం నడిపించిన ఆ పోల్ పాటే. మరిది రాజ్యంలో ఆమె కూడా మిగతావాళ్లలాగే కష్టాలు పడింది. ఆ పాలన పోయాక, రాజధాని నోమ్ పెన్‌లో 1981లో మళ్లీ తెరిచిన లలితకళల స్కూల్లో ఆమె ముఖ్య గురువు అయ్యింది. మిగిలిన కొద్దిమంది ఒకచోట కూర్చుని, ఒకరికి గుర్తున్న ముక్క ఇంకొకరికి గుర్తున్న ముక్కతో కలిపి, అనాథ పిల్లలకు నేర్పారు. 2003లో యునెస్కో ఈ నాట్యాన్ని గొప్ప వారసత్వంగా ప్రకటించింది.

ఇదంతా నేను షో చూశాక రూముకు వచ్చి చదివాను. షో జరిగేటప్పుడు ఏం చేశానంటే, అప్సర నాట్యం మధ్యలో లేచి, వంగి వంగి నడుస్తూ పోయి, ఇంకో రెండు అమోక్‌లు తెచ్చుకున్నాను.

అమ్మ అడిగిన ప్రశ్న

హాల్లో నేనొక్కడినే కాదు. స్పూన్ల చప్పుడు, పక్క టేబుల్‌లో బర్త్‌డే కేకు, ముందు వరుసలో ఫోన్ ఫ్లాష్‌లు. చివర్లో స్టేజీ ఎక్కి అప్సరల పక్కన ఫోటో దిగడానికి లైను. మేమూ దిగాం. ఆ అమ్మాయిలు నవ్వుతూ నిలబడ్డారు, ఒక్కొక్క ఫోటోకి అదే నవ్వు.

తిరిగి వస్తుంటే టుక్‌టుక్‌లో అమ్మ అడిగింది: "గా పిల్లలు తిన్నరో లేదో?"

మా దగ్గర సమాధానం లేదు. బావ "వాళ్లకు జీతాలుంటయత్తమ్మా" అన్నాడు. అమ్మ "జీతం కాదయ్యా, మనం వాళ్ల ముందట తిన్నం గద" అంది. అక్కడితో ఎవ్వరం మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక నాయినమ్మకు వీడియోలు చూపించాను. ఆమె కిరీటం చూడగానే "గీల్లు మన చిందోళ్ల లెక్కనే ఉన్నరు" అంది. నేను ఆశ్చర్యపోయాను, ఎందుకంటే నేను చిందు భాగోతం ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో పుట్టి పెరిగి! ఈ జిల్లా చిందుల ఎల్లమ్మది. ఎల్లమ్మ దేవత వేషంలో ఆమె వస్తే జనం నిజంగా దేవతే వచ్చిందని మొక్కేవాళ్లు. 2005లో చనిపోయింది. ఆమె చెప్పుకున్న జీవితం పుస్తకంగా కూడా వచ్చింది. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. నేను ఈ రెండు పేర్లూ కంబోడియా నుంచి వచ్చాకే తెలుసుకున్నాను.

చిందు కళాకారులు దళితుల్లో ఒక కులం వాళ్లు. ముఖానికి అర్దళం పూసుకుని, తేలికైన చెక్కతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు కట్టుకుని, మద్దెల, తాళాల మధ్య రాత్రంతా ఆడతారు. ఆడవాళ్లు కూడా వేషం కట్టడం వీళ్ల ప్రత్యేకత. ఏ ఊర్లు ఏ మేళానివి అన్నది వంశపారంపర్య హక్కుగా వచ్చేది. ఆ ఊరి వాళ్లు గింజలు, బట్టలు, డబ్బులు ఇచ్చి పోషించేవాళ్లు.

నేను నాయినమ్మతో గొప్పగా అన్నాను, "చూసినవా, అక్కడ చూసేటోళ్లు తింటరు, మన దగ్గర ఆడేటోళ్లకు పెట్టేటోళ్లు. మనదే మంచి పద్ధతి."

నాయినమ్మ కాసేపు ఊరుకుని చెప్పింది. "పెడ్తుండె బిడ్డా. బియ్యం, పప్పు, చింతపండు అన్ని ఇస్తుండె. కాని వాళ్లు ఊరవతల చెట్టు కింద వండుకుంటుండె. రాత్రి దేవతని మొక్కినోళ్లమే, పొద్దుగాల అరుగు మీద కూసోనియ్యలే."

నా దగ్గరున్న నీట్ కంపారిజన్ అక్కడ క్రాష్ అయ్యింది.

మరి డిన్నర్ షో తప్పా?

తప్పు అని చెప్పడం ఈజీ. కానీ ఆలోచిస్తే అంత సింపుల్ కాదు. ఇప్పుడు కంబోడియాలో రాజు ఒక్కడే నర్తకులందర్నీ పోషించలేడు. నాట్యం నేర్చుకున్న అమ్మాయికి సాయంత్రం పని దొరికేది ఈ హాళ్లలోనే. రోజూ ఆడితేనే వేళ్లు వంగే అలవాటు పోదు. పైగా టికెట్ కొన్నవాడు ఆమె కులం అడగడు. ఇది చిన్న విషయం కాదు.

పోయేది కూడా ఉంది. రీమ్‌కేర్ లాంటి పెద్ద కథలోంచి పది నిమిషాల ముక్క మాత్రమే మిగులుతుంది. మత్స్యకన్య ఉంటుంది, ఎందుకంటే అది వెంటనే అర్థమవుతుంది. అర్థం కావడానికి టైం పట్టేవి లిస్టులోంచి జారిపోతాయి. ప్రేక్షకుడు ఏది తింటూ చూడగలడో అదే బతుకుతుంది.

ఇది మన దగ్గర మొదలవలేదా? పోయిన ఏడాది కామారెడ్డి వైపు ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్‌కు వెళ్లాను. గేటు దగ్గర చిందు వేషంలో ఇద్దరు, ఒగ్గుడోలు వాళ్లు నలుగురు. రాత్రంతా ఆడే భాగోతం అక్కడ వచ్చే కార్లకు స్వాగతం చెప్పే పది నిమిషాలు అయ్యింది. నేను వాళ్లతో సెల్ఫీ దిగి, స్టేటస్ పెట్టి, బఫేకి వెళ్లిపోయాను. వాళ్లు ఏ కథ వేషంలో ఉన్నారో కూడా అడగలేదు. సియెమ్ రీప్‌లో చేసింది నేను ఇక్కడ ముందే ప్రాక్టీసు చేసి ఉన్నాను.

వెళ్తే ఇలా చూడండి

మీలో ఎవరైనా ఎప్పుడైనా కంబోడియా వెళ్తే నాలుగు మాటలు. ఆరింటికే వెళ్లి, ఏడున్నర లోపు తినడం అయిపోగొట్టండి. కుదిరితే స్టేజీ పక్కగా, వాయిద్యాలు కనిపించే చోటు అడగండి. మొదటి రోజు రాత్రి కాకుండా, గుళ్లు చూసిన తర్వాత రోజు షో పెట్టుకోండి. పొద్దున బయోన్ గుడిలో తామర పువ్వు మీద ఒంటికాలితో ఆడే అప్సరల్ని రాతిలో చూసి, సాయంత్రం అదే కాలు స్టేజీ మీద గాల్లోకి లేస్తుంటే చూడటం వేరే అనుభవం. భోజనం లేకుండా నాట్యం ఒక్కటే చూపించే చోట్లు, తోలుబొమ్మలాట లాంటి స్బేక్ థోమ్ చూపించేవాళ్లు కూడా ఉన్నారు, అడిగి కనుక్కోండి. ఫ్లాష్ మాత్రం ఆపండి.

ఇంకో మాట మన క్లబ్‌కి. ప్రతి ఏడాదీ మన ఫెస్ట్‌లో "ఫోక్ ఐటెమ్" అని ఒకటి ఉంటుంది. దాన్ని ఎప్పుడూ డిన్నర్ బ్రేక్ టైంలోనే పెడతాం, జనం కూపన్లు పట్టుకుని లైన్లో ఉన్నప్పుడు. ఈసారి మన జిల్లాల నుంచి ఒక చిందు మేళాన్ని పిలుద్దాం. వాళ్లకు గంటన్నర ఇద్దాం, ఒక కథ మొదటి నుంచి చివరిదాకా. ఆ టైంలో ఫుడ్ కౌంటర్లు మూసేద్దాం. ఆటకు ముందు వాళ్లతో కలిసి, అదే మెస్ బల్లల మీద, మనమూ కూర్చుని తిందాం.

ఈ ప్రపోజల్ అమ్మకు ఫోన్లో చెప్పాను. "మంచిదే, మీ నాయినమ్మను గూడ తీసుకొస్త" అంది. తర్వాత ఇంకో మాట అడిగింది, దాన్ని కూడా ప్లాన్‌లో రాసుకున్నాను: "వాళ్లు ఎంతమంది వస్తరో ముందే అడుగు. అన్నం తక్కువ పడొద్దు."